కాలిఫోర్నియాలో గంజాయి డిస్పెన్సరీ: లైసెన్సు తెచ్చుకోవడం, నిలబెట్టుకోవడం ఎలా?

మన ఊళ్లలో ఎరువుల కొట్టు నడిపినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. తనిఖీకి వచ్చిన వ్యవసాయాధికారి మొదట అడిగేది స్టాకు రిజిస్టరు. గోడౌన్‌లో బస్తాలు, రిజిస్టరులో అంకె, బిల్లు కొట్టే పాస్ మిషన్‌లో అంకె, ఈ మూడూ కలిస్తే పావుగంటలో పని అయిపోతుంది. కలవకపోతే మిగతావి ఎంత సక్రమంగా ఉన్నా ఎవరూ వినరు.

కాలిఫోర్నియాలో లైసెన్సుతో నడిచే గంజాయి దుకాణం, అంటే అక్కడివాళ్లు డిస్పెన్సరీ అని పిలిచేది, ఈ లెక్క మీదే నిలబడుతుంది. బస్తాల బదులు గ్రాములు, రిజిస్టరు బదులు రాష్ట్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ ఖాతా, వీటికి తోడు రాత్రీపగలూ చూసే కెమెరా. అరలో ఉన్నది, ఖాతాలో ఉన్నది, కెమెరాలో కనిపించేది ఒకటే కావాలి. ఈ వ్యాసంలోని అడుగులన్నీ దీనికోసమే.

నేపథ్యం రెండు మాటల్లో. కాలిఫోర్నియా 1996లో ప్రొపొజిషన్ (ఓటర్లు నేరుగా తేల్చే చట్ట ప్రతిపాదన) 215తో వైద్య అవసరానికి గంజాయిని అనుమతించింది. 2016 నవంబరులో ఓటర్లు ప్రొపొజిషన్ 64ను గెలిపించారు. 21 ఏళ్లు నిండినవారికి దుకాణాల్లో అమ్మకం 2018 జనవరి 1న మొదలైంది. మొదట్లో మూడు వేర్వేరు సంస్థలు చూసిన లైసెన్సులను 2021 జులై నుంచి డిపార్ట్‌మెంట్ ఆఫ్ కెనబిస్ కంట్రోల్, పొట్టిగా డీసీసీ, ఒక్కటే చూస్తోంది. న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో ఉన్నవాళ్లు ఇక్కడి అంకెలను అక్కడికి వర్తింపజేసుకోవద్దు. ఏ రాష్ట్రం నిబంధన ఆ రాష్ట్రానిదే.

అడుగు 1: దుకాణం కంటే ముందు మీ వీసా చూసుకోండి

తెలుగువాళ్లకు చెప్పేటప్పుడు నేను దీన్నే మొదట పెడతాను. రాష్ట్రం లైసెన్సు ఇచ్చినా, కేంద్రం 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్‌ను వదిలిపెట్టలేదు. ఇమ్మిగ్రేషన్ కేంద్రం చేతిలో ఉంది. 2019 ఏప్రిల్ 19న వీసా, పౌరసత్వ దరఖాస్తులు చూసే కేంద్ర సంస్థ యూఎస్‌సీఐఎస్ తన విధానాన్ని స్పష్టంగా ప్రకటించింది: రాష్ట్ర చట్టం ప్రకారం సక్రమమైనదే అయినా, గంజాయి రంగంలో ఉద్యోగం చేయడం పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన నిబంధనకు అడ్డం కావచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల పరిస్థితే ఇది. హెచ్-1బీ, ఎఫ్-1, ఓపీటీ మీద ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. శిక్ష పడకపోయినా, మాదకద్రవ్యాల వ్యాపారంలో పాలుపంచుకున్నారని నమ్మడానికి కారణం కనిపిస్తే చాలు, ప్రవేశం నిరాకరించే అధికారం ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఉంది.

కాబట్టి మీకు పౌరసత్వం వచ్చేదాకా ఈ రంగంలో యజమానిగా, వాటాదారుగా, ఉద్యోగిగా అడుగు పెట్టవద్దు. ఇమ్మిగ్రేషన్ లాయర్ రాతపూర్వకంగా సలహా ఇస్తే అది వేరే మాట. స్నేహితులు కలిసి డబ్బు వేసి స్ట్రిప్ మాల్ కొనడం మనవాళ్లలో బాగా ఉంది. అందులో ఒక అద్దెదారు డిస్పెన్సరీ అయితే ఆ అద్దె ఎక్కడి నుంచి వస్తున్నట్టు? సంతకం పెట్టే ముందు అద్దెదారుల జాబితా అడిగి చూడండి. భవనం మీద బ్యాంకు అప్పు ఉంటే, కేంద్ర చట్టానికి విరుద్ధమైన వాడకం ఉండకూడదన్న షరతు ఆ పత్రాల్లో ఉందేమో కూడా చూడండి.

అడుగు 2: రాష్ట్రం కంటే ముందు ఊరిని అడగండి

డీసీసీ లైసెన్సు ఇవ్వాలంటే స్థానిక ప్రభుత్వం ఒప్పుకోవాలి. సిటీ పరిధిలో ఉంటే సిటీ, బయట ఉంటే కౌంటీ. కాలిఫోర్నియాలో సగానికి పైగా ఊళ్లు, కౌంటీలు గంజాయి దుకాణాలను ఇప్పటికీ అనుమతించడం లేదు. అనుమతించేచోట కూడా ఇన్నే దుకాణాలని పరిమితి పెట్టేవి, లాటరీ తీసేవి, మార్కులు వేసి ఎంపిక చేసేవి ఉన్నాయి. అద్దె ఒప్పందం ముందే రాసుకుని తరవాత అనుమతి కోసం తిరిగినవాళ్లు నెలల తరబడి ఖాళీ గదికి అద్దె కట్టడం చూశాను. సిటీ జోనింగ్ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

స్థలం విషయంలో రాష్ట్రం పెట్టిన దూరం 600 అడుగులు. పన్నెండో తరగతి వరకు ఉన్న బడి, డే కేర్, పిల్లల యూత్ సెంటర్ ఆ లోపల ఉండకూడదు. స్థానిక ప్రభుత్వం దీన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు కూడా.

గ్యాస్ స్టేషన్, లిక్కర్ స్టోర్ నడుపుతున్న మనవాళ్లు తరచూ అడిగేదొకటి ఉంది: 'ఉన్న దుకాణంలోనే ఒక మూల పెట్టుకోవచ్చా?' కుదరదు. మద్యం, పొగాకు అమ్మే ప్రాంగణంలో గంజాయి అమ్మకానికి వీల్లేదు. 'పోనీ హెంప్ (మత్తు తక్కువ ఉండే గంజాయి రకం) గమ్మీలు?' కొలిస్తే కనిపించేంత టీహెచ్‌సీ, అంటే మత్తునిచ్చే పదార్థం, ఉన్న హెంప్ ఆహార పదార్థాలను కాలిఫోర్నియా 2024 సెప్టెంబరులో అత్యవసర నిబంధనలతో నిషేధించింది. పాత స్టాకు అరలో ఉంటే ఈ రోజే తీసేయండి.

అడుగు 3: దరఖాస్తు

కౌంటరు ఉన్న దుకాణానికి టైప్ 10, ఇంటికి చేర్చడం మాత్రమే చేసేవారికి టైప్ 9, పెంపకం, పంపిణీ, అమ్మకం వంటివి చిన్న స్థాయిలో ఒకేచోట చేసేవారికి టైప్ 12. దరఖాస్తు రుసుము 1,000 డాలర్లు. ఏటా కట్టే లైసెన్సు రుసుము మీ అమ్మకాలను బట్టి ఉంటుంది. ఏడాదికి 5 లక్షల డాలర్ల లోపు అమ్మే దుకాణానికి 2,500 డాలర్లు. 75 లక్షలు దాటితే 96,000.

రుసుము కంటే యజమాని అన్న మాటతోనే ఎక్కువ చిక్కు. మొత్తం వాటాలో 20 శాతం, అంతకు మించి ఉన్నవారు యజమానులు. వాటా తక్కువైనా వ్యాపారాన్ని నడిపించే అధికారం ఉంటే వాళ్లూ యజమానులే. వీళ్లంతా లైవ్ స్కాన్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిలో వేలిముద్రలు ఇవ్వాలి. అంతకన్నా చిన్న వాటాదారులను, లాభంలో పాలు తీసుకునేవారిని కూడా ఆర్థిక ప్రయోజనం ఉన్నవారిగా చూపించాలి. 'బావగారు చేబదులు ఇచ్చారు, లాభం వస్తే చూసుకుందాం అన్నారు' అనే రకం ఏర్పాట్లు మన ఇళ్లలో మామూలు. ఇక్కడ అది దాచిన వాటా కింద లెక్క. ప్రతి డాలరూ ఎవరిది, ఏ షరతు మీద వచ్చింది అనేది కాగితం మీద పెట్టండి.

వీటితో పాటు కావలసినవి: స్థలం మీద హక్కు ఉన్నట్టు భవన యజమాని లేఖ, గది గదీ చూపించే కొలతలతో ప్లాను, 5,000 డాలర్ల ష్యూరిటీ బాండ్ (పూచీకత్తు పత్రం), పన్నుల శాఖ సీడీటీఎఫ్‌ఏ ఇచ్చే సెల్లర్స్ పర్మిట్, పర్యావరణ చట్టం సీక్వా కింద అనుమతి పత్రాలు. పదిమంది, అంతకు మించి ఉద్యోగులు ఉంటే లేబర్ పీస్ అగ్రిమెంట్ (కార్మిక సంఘంతో శాంతి ఒప్పందం) కూడా కావాలి. లైసెన్సు వచ్చిన ఏడాదిలోపు ఒక సూపర్‌వైజరు, ఒక ఉద్యోగి 30 గంటల భద్రతా శిక్షణ పూర్తిచేయాలి.

ప్లానులో గీసిన గోడ ఒకచోట, కట్టిన గోడ మరోచోట ఉండకూడదు. తరవాత తలుపు జరపాలన్నా, నిల్వగది పెంచాలన్నా ముందే డీసీసీ అనుమతి తీసుకోవాలి.

అడుగు 4: కెమెరా, తాళం, బ్యాడ్జి

కెమెరాలు 24 గంటలూ రికార్డు చేయాలి. కనీసం 1280×720 పిక్సెల్స్, సెకనుకు 15 ఫ్రేములు. రికార్డింగు 90 రోజులు దాచాలి. బిల్లు కొట్టేచోట మనిషి ముఖం గుర్తుపట్టేంత స్పష్టంగా కనిపించాలి. కెమెరాలు బిగించిన రోజు అందరూ సరిచూస్తారు. ఆరు నెలల తరవాత హార్డ్ డిస్కు నిండి పాతవి 60 రోజులకే చెరిగిపోతున్నాయని ఎవరూ గమనించరు. నెలకోసారి 89 రోజుల కిందటి తేదీ తీసి వీడియో ఆడుతోందో లేదో చూసి సంతకం పెట్టే అలవాటు చేసుకోండి. రెండు నిమిషాల పని.

దుకాణం తెరిచి ఉన్నంతసేపూ లైసెన్సు ఉన్న సెక్యూరిటీ గార్డు ఉండాలి. అలారం, వాణిజ్య స్థాయి తాళాలు తప్పనిసరి. ఉద్యోగులందరికీ 21 నిండాలి. ఫొటో, మొదటి పేరు, ఉద్యోగి సంఖ్య, లైసెన్సు సంఖ్య ఉన్న లామినేటెడ్ బ్యాడ్జి బయటికి కనిపించేలా పెట్టుకోవాలి. నిల్వగదిలోకి బయటి మనిషి, ఏసీ బాగుచేసే మెకానిక్ అయినా సరే, వస్తే పేరు, సమయం రాసి, వెంట ఒక ఉద్యోగి ఉండాలి.

అడుగు 5: సరుకు దిగే పావుగంట

ఉల్లంఘనలు చాలావరకు కౌంటరు దగ్గర పుట్టవు, వెనక తలుపు దగ్గర పుడతాయి. అందుకే ఈ అడుగు దగ్గర కాస్త ఆగుతాను.

సరుకు లైసెన్సు ఉన్న డిస్ట్రిబ్యూటరు నుంచే రావాలి. రైతు దగ్గర నేరుగా కొనకూడదు. ప్యాకెట్లలోనే, లేబుల్ అంటించే రావాలి, ఎందుకంటే దుకాణంలో తూచి పొట్లం కట్టడానికి, కొత్త లేబుల్ వేయడానికి మీకు అనుమతి లేదు. బండి దిగగానే ఈ వరసలో చూడండి.

ముందు మేనిఫెస్టు, అంటే రవాణా చీటీ. పంపినవారి లైసెన్సు ఈ రోజుకి చెల్లుబాటులో ఉందా అని డీసీసీ వెబ్‌సైటులో వెతకండి. పోయిన నెల చూశాం కదా అని వదిలేయవద్దు, లైసెన్సులు మధ్యలో రద్దవుతుంటాయి.

తరవాత ల్యాబు నివేదిక. దీన్ని సీఓఏ అంటారు. నివేదిక ఉండటం ఒక్కటే చాలదు, అందులోని బ్యాచ్ సంఖ్య, ప్యాకెట్ మీది బ్యాచ్ సంఖ్య ఒకటే కావాలి. పురుగుమందుల జాబితాలో 66 రసాయనాలు ఉంటాయి. సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం అనే నాలుగు భార లోహాలు, బూజు, సూక్ష్మజీవులు, మిగిలిపోయిన ద్రావకాలు కూడా పరీక్షలో ఉంటాయి. లేబుల్ మీద రాసిన టీహెచ్‌సీకి, ల్యాబు చెప్పినదానికి తేడా 10 శాతం మించకూడదు. 2024లో పురుగుమందుల అవశేషాలున్న వేప్‌లను (ఆవిరి పీల్చే పరికరాలను) మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించారు. ఆ రోజుల్లో ఏ బ్యాచ్ ఏ అరలో ఉందో రాసుకున్న దుకాణాలు ఒక పూటలో తేల్చాయి. రాసుకోనివాళ్లు ప్రతి పెట్టే విప్పుకుంటూ కూర్చున్నారు.

ఆ తరవాత లేబుల్. త్రికోణంలో గంజాయి ఆకు, ఆశ్చర్యార్థకం, కింద సీఏ అనే అక్షరాలున్న రాష్ట్ర గుర్తు. పిల్లలు విప్పలేని ప్యాకింగ్. తినేవాటిలో ఒక మోతాదుకు 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, మామూలు కొనుగోలుదారులకు అమ్మే ప్యాకెట్టు మొత్తానికి 100 మిల్లీగ్రాములు, అంతకు మించకూడదు.

ఇవన్నీ అయ్యాకే లెక్కపెట్టడం, అదీ చేత్తో, ప్యాకెట్టు ప్యాకెట్టూ. ఒకసారి మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి డ్రైవరు తొందరపెట్టాడని, పెట్టె విప్పకుండా ఖాతాలో 'స్వీకరించాం' అని నొక్కేశాడు. చీటీలో 40, పెట్టెలో 39. ఒప్పుకున్నాక ఆ 40 మనవే. లేని ఆ ఒక్క ప్యాకెట్టు ఎక్కడికి పోయిందో వివరించే బాధ్యతా మనదే. వీడియో తీసి, పంపినవారితో రాతకోతలు జరిపి సరిచేసేసరికి వారాలు పట్టింది. లెక్క తేలేదాకా డ్రైవరును కదలనివ్వకండి. తేడా ఉంటే ఆ సరుకును అక్కడే తిరస్కరించండి.

అడుగు 6: కౌంటరు

ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకే అమ్మాలి. సిటీ ఇంకా కుదించి ఉంటే ఆ వేళలే. వయసు 21, డాక్టరు సిఫారసు ఉన్నవారికి 18. గుర్తింపు కార్డు ప్రతిసారీ చూడాలి, రోజూ వచ్చే నెరిసిన జుట్టు పెద్దాయనైనా సరే. 21 నిండనివాళ్లను పంపి పరీక్షించే అధికారం పోలీసులకు ఉంది. విదేశీ పాస్‌పోర్టు కూడా చెల్లుతుంది. అయితే సందర్శకుల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను సరదాకి కూడా డిస్పెన్సరీకి తీసుకెళ్లవద్దని నా మనవి. విమానాశ్రయంలో అధికారి అడిగితే వాడామని ఒప్పుకోవడమే తిరుగు టపాకు కారణం కావచ్చు.

రోజుకు ఒక మనిషికి 28.5 గ్రాముల ఎండు గంజాయి, 8 గ్రాముల కాన్సంట్రేట్ (గంజాయి గాఢ సారం), ఆరు చిన్న మొక్కలు. వైద్య కొనుగోలుదారులకు పరిమితి ఎక్కువ, 8 ఔన్సుల దాకా. గమ్మీలు, నూనెల్లోని కాన్సంట్రేట్ కూడా ఆ 8 గ్రాముల్లోకే వస్తుంది. బిల్లు సాఫ్ట్‌వేరు దీన్ని లెక్కకడుతుందని ఊరుకోకండి. కొత్త సరుకు ఎక్కించినప్పుడు దాన్ని తప్పు వర్గంలో పెడితే సాఫ్ట్‌వేరు నోరెత్తదు. ఉదయం కొని సాయంత్రం మళ్లీ వచ్చిన మనిషిని పట్టుకునేలా అది ఏర్పాటై ఉందో లేదో మీరే ఒక ఉత్తుత్తి బిల్లు కొట్టి చూడండి.

బయటికి వెళ్లే సంచి లోపలిది కనిపించనిదై ఉండాలి. ఉచిత నమూనాలు ఇవ్వకూడదు. కొన్నవారు తిరిగి తెస్తే మళ్లీ అరలో పెట్టకూడదు, పద్ధతి ప్రకారం నాశనం చేయాలి.

అడుగు 7: ఖాతా

రాష్ట్రం వాడే ట్రాక్ అండ్ ట్రేస్ వ్యవస్థ పేరు మెట్రిక్. మొక్క మొలిచినప్పటి నుంచి ప్యాకెట్టు అమ్ముడయ్యేదాకా ఒక్కో దశకూ ఒక ట్యాగు, ఒక సంఖ్య. మీ దుకాణంలో జరిగిన ప్రతి స్వీకరణ, అమ్మకం, వాపసు, నాశనం 24 గంటల్లో అందులో చేరాలి.

అరలో ఉన్నదీ ఖాతాలో ఉన్నదీ ఎన్ని రోజులకోసారి సరిచూడాలో నిబంధన ఒక గడువు పెడుతుంది. ఆ గడువు దాకా ఆగవద్దు. రోజూ రెండు అరలు, వారం తిరిగేసరికి దుకాణం మొత్తం. లెక్కపెట్టే మనిషి, అమ్మే మనిషి వేరువేరుగా ఉండాలి. తేడా వస్తే అదే రోజు కారణం వెతకాలి: తప్పు స్కానా, ఒకే రుచి గమ్మీల రెండు బ్యాచ్‌లు కలిసిపోయాయా, నిజంగా పోయిందా? ఒకే సరుకు రెండు బ్యాచ్‌లుగా వస్తే ఒకదాని పక్కన ఒకటి పెట్టకపోవడమే తేలికైన మందు.

తేడా మీ సగటు నెల అమ్మకాల్లో 3 శాతానికి చేరితే అది చిన్న పొరపాటు కాదు, గణనీయమైన వ్యత్యాసం. అది తేలినా, దొంగతనం జరిగినా 24 గంటల్లో డీసీసీకి, పోలీసులకు చెప్పాలి. చెప్పకుండా సర్దేద్దామని ఖాతాలో అంకె మార్చడం అన్నిటికన్నా చెడ్డ పని, ఎందుకంటే ఎవరు, ఎప్పుడు, ఏ కారణం రాసి మార్చారో మెట్రిక్ గుర్తుపెట్టుకుంటుంది. పాస్‌వర్డు ఎవరిది వాళ్లకే ఉండాలి. ఉద్యోగి మానేసిన రోజే అతని ప్రవేశం తీసేయండి. రికార్డులన్నీ ఏడేళ్లు దాచాలి.

అడుగు 8: పన్ను, నగదు

రాష్ట్ర ఎక్సైజ్ పన్నును 2023 జనవరి నుంచి దుకాణమే వసూలు చేసి కట్టాలి. ఈ రేటు 2025 జులైలో 15 నుంచి 19 శాతానికి పెరిగి, అదే ఏడాది అక్టోబరు 1న మళ్లీ 15కి వచ్చింది. మధ్య మూడు నెలల బిల్లులు పాత రేటుతో కొట్టినవాళ్లు తేడా జేబులోంచి కట్టుకోవలసిందే. అమ్మకపు పన్ను ఈ ఎక్సైజ్ కలిపిన మొత్తం మీద పడుతుంది. 100 డాలర్ల సరుకు మీద 15 కలిస్తే 115, దాని మీద కనీస రేటు 7.25 శాతం వేస్తే 123 డాలర్ల 34 సెంట్లు. సిటీ సొంత పన్ను, జిల్లా పన్నులు ఉంటే ఇంకా పైకి వెళ్తుంది. రాష్ట్రం ఇచ్చే వైద్య గుర్తింపు కార్డు ఉన్నవారికి అమ్మకపు పన్ను మినహాయింపు ఉంది, ఎక్సైజ్‌కు లేదు.

కేంద్ర పన్ను చట్టంలో 280ఈ అనే సెక్షన్ ఉంది, 1982లో తెచ్చారు. షెడ్యూల్ 1, 2 (కేంద్రం అతి కఠినంగా నియంత్రించే మాదకద్రవ్యాల జాబితాలు) పదార్థాలు అమ్మే వ్యాపారానికి సరుకు కొన్న ఖర్చు తప్ప మరే ఖర్చూ తగ్గించుకోనివ్వదు. లెక్క చూడండి. 10 లక్షల డాలర్ల అమ్మకం, 6 లక్షల సరుకు, 3.5 లక్షల జీతాలు, అద్దె. మిగిలింది 50 వేలు. కాని పన్ను 4 లక్షల మీద: 21 శాతం అంటే 84 వేలు. లాభం కంటే పన్ను ఎక్కువ. గంజాయిని షెడ్యూల్ 3కి మార్చాలని 2024 మేలో ప్రతిపాదన వచ్చింది. మారితే 280ఈ వర్తించదు. ఆ ఆశ మీద ఇవాళ్టి రిటర్ను వేయకండి. రిటర్ను వేసే నాటికి ఏది అమల్లో ఉందో ఈ రంగం తెలిసిన సీపీఏతో (అకౌంటెంటుతో) తేల్చుకోండి. రాష్ట్ర కార్పొరేట్ పన్నులో ఈ నిషేధం లేదు కాబట్టి రెండు లెక్కలూ విడివిడిగా నడపాలి.

ఖాతా ఇచ్చే బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లు ఉన్నాయి. 2014 ఫిబ్రవరిలో కేంద్ర ఆర్థిక శాఖలోని ఫిన్‌సెన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మీ గురించి క్రమంగా నివేదికలు పంపుతాయి. దాపరికం లేకుండా ఉండటమే ఖాతా నిలుపుకునే దారి. ఒకే వ్యవహారంలో 10,000 డాలర్లు మించి నగదు అందుకుంటే ఫారం 8300 వేయాలి. కార్డు గీయడాన్ని ఏటీఎంలో డబ్బు తీసినట్టు చూపించే యంత్రాలు అంటగట్టేవాళ్లు వస్తారు. వద్దనండి.

అడుగు 9: ప్రకటనలు, డెలివరీ

ప్రకటన చూసేవాళ్లలో కనీసం 71.6 శాతం 21 నిండినవాళ్లని చూపించగలగాలి. కార్టూను బొమ్మలు, పిల్లలను ఆకర్షించేవి కుదరవు. ప్రతి ప్రకటనలో లైసెన్సు సంఖ్య ఉండాలి. బడికి 1,000 అడుగుల లోపు ప్రకటన బోర్డులు పెట్టకూడదు.

డెలివరీ చేసేవారు మీ సొంత ఉద్యోగులే కావాలి, బండి మీద గంజాయి అని తెలిసే రాత, బొమ్మ ఉండకూడదు, జీపీఎస్ ఉండాలి, బండిలో సరుకు విలువ 10,000 డాలర్లు దాటకూడదు. రాష్ట్రం సరిహద్దు దాటించడం కేంద్ర నేరం, పక్కనున్న ఆరెగాన్‌లో గంజాయి చట్టబద్ధమైనా సరే. ఇండియా ప్రయాణం పెట్టుకున్న కొనుగోలుదారు 'పెట్టెలో రెండు గమ్మీలు పెట్టుకోనా?' అంటే గట్టిగా వద్దని చెప్పమని మీ బడ్‌టెండర్లకు, అంటే కౌంటరులో అమ్మేవాళ్లకు, నేర్పండి. శంషాబాద్‌లో దిగాక వర్తించేది భారత మాదకద్రవ్యాల చట్టం, 1985 నాటి ఎన్‌డీపీఎస్. అక్కడ కాలిఫోర్నియా బిల్లు సాక్ష్యంగా పనికొస్తుందే తప్ప రక్షణగా కాదు.

అడుగు 10: తనిఖీ రోజు

డీసీసీ వాళ్లు చెప్పకుండా వస్తారు, లోపలికి రానివ్వక తప్పదు. లైసెన్సు ఉన్నవారికి ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు, ప్రతి రోజూ వేరే ఉల్లంఘనగా లెక్క. తలుపు దగ్గర ఒక ఫైలు సిద్ధంగా పెట్టండి: లైసెన్సు, సిటీ అనుమతి, ప్లాను, ఉద్యోగుల జాబితా, అలారం కంపెనీ ఒప్పందం, వ్యర్థాల చీటీలు, చివరి నాలుగు వారాల స్టాకు సరిచూపు. యజమాని ఊళ్లో లేకపోయినా ఆ ఫైలు ఎక్కడుందో, కెమెరా రికార్డింగు ఎలా తీయాలో ప్రతి షిఫ్టులో ఒకరికి తెలియాలి. అడిగినదానికే జవాబు చెప్పండి. తెలియనిదాన్ని ఊహించి చెప్పకండి, కనుక్కుని రాసి పంపుతామనండి.

యజమానుల్లో మార్పు వస్తే 14 రోజుల్లో తెలపాలి. లైసెన్సు గడువు 12 నెలలు. రెన్యూవల్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఆ మొదటి వారంలోనే వేయండి. సిటీ అనుమతి గడువు వేరుగా ఉంటుంది కనుక రెండు తేదీలూ గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాసి, పక్కన ఎవరి బాధ్యతో పేరు రాయండి.